ఇంటి సోలార్‌కు బ్యాటరీలు: 12, 24, 48 వోల్టుల్లో ఏది? సిరీసా, ప్యారలలా?

నాలుగు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం, తెచ్చారనుకుందాం. ఒక్కొక్కటి 12 వోల్టులు. వీటిని మూడు రకాలుగా కలపవచ్చు. నాలుగూ సిరీస్‌లో (ఒకదాని మైనస్‌ను ఇంకోదాని ప్లస్‌కు కలిపి) వేస్తే 48 వోల్టులు, 150 ఏహెచ్. రెండేసి సిరీస్ చేసి ఆ రెండు జతలనూ ప్యారలల్ చేస్తే (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే) 24 వోల్టులు, 300 ఏహెచ్. నాలుగూ ప్యారలల్ చేస్తే 12 వోల్టులు, 600 ఏహెచ్. ఎలా కలిపినా లోపల నిలవ ఉండేది ఒక్కటే: 12 × 150 × 4 = 7,200 వాట్ అవర్లు, అంటే 7.2 యూనిట్లు. ప్యారలల్ చేస్తే బ్యాకప్ ఎక్కువ వస్తుందని, సిరీస్ చేస్తే పవర్ పెరుగుతుందని చెప్పేవాళ్లు చాలామంది. రెండూ నిజం కావు. మారేది తీగల్లో పారే ఆంపియర్లు మాత్రమే. కేబుల్ మందం, ఫ్యూజు సైజు, తీగల వేడి అన్నీ ఆ ఒక్కదాని మీదే ఆధారపడతాయి.

ముందు వోల్టేజి తేల్చుకోవాలి

ఇన్వర్టర్ మీద 2,000 వాట్ల లోడు ఉందనుకోండి. ఇన్వర్టర్‌లో పోయేది పోగా ఆ 2,000 వాట్లు ఇవ్వడానికి బ్యాటరీల నుంచి సుమారు 2,350 వాట్లు లాగాలి. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు 12 వోల్టుల బ్యాంకు (కలిపి పెట్టిన బ్యాటరీల మొత్తం) 10.5 దగ్గర ఉంటుంది, కాబట్టి లెక్క అక్కడే కట్టాలి. 12 వోల్టుల బ్యాంకులో 224 ఆంపియర్లు. 24లో 112. 48లో 56.

ఇప్పుడు బ్యాటరీల నుంచి ఇన్వర్టర్ దాకా 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, రానూ పోనూ కలిపి మూడు మీటర్లు వేశారనుకుందాం. ఆ తీగ నిరోధం సుమారు 3.3 మిల్లీ ఓమ్‌లు. 56 ఆంపియర్లకు తీగలో పోయేది 10 వాట్లు, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. 224 ఆంపియర్లకు పోయేది 166 వాట్లు. ఆంపియర్లు నాలుగింతలైతే నష్టం పదహారింతలు అవుతుంది. ఆ వేడికి కేబుల్ తొడుగు మెత్తబడుతుంది. 0.74 వోల్టులు తీగలోనే పోతాయి గనుక బ్యాటరీలో ఇంకా ఛార్జింగ్ ఉన్నా ఇన్వర్టర్ ‘లో బ్యాటరీ’ (ఛార్జింగ్ తక్కువ) అంటూ అరుస్తుంది. ‘బ్యాటరీ కొత్తదే, అయినా గంట కూడా ఆగడం లేదు’ అనే ఫిర్యాదు వచ్చినప్పుడు బ్యాటరీని అనుమానించే ముందు ఈ కేబుల్‌ను చూడాలి.

కాబట్టి మా సలహా ఇదీ. 1 కేవీఏ (ఇన్వర్టర్ సామర్థ్యం కొలత) లోపు ఇన్వర్టర్, నాలుగు ఫ్యాన్లు, లైట్లు, టీవీ చాలనుకునే ఇంటికి 12 వోల్టులు, ఒకే బ్యాటరీ. 1.5 నుంచి 2.5 కేవీఏ దాకా 24 వోల్టులు, రెండు బ్యాటరీలు. ఫ్రిజ్, మిక్సీ, అర హెచ్‌పీ మోటారు అన్నీ దాని మీదే నడవాలంటే, 3 కేవీఏ ఆ పైన అయితే, 48 వోల్టులు. 7.5 కేవీఏ ఇన్వర్టర్లు కొన్ని 96, 120 వోల్టుల బ్యాంకు అడుగుతాయి. 48 వోల్టుల బ్యాంకు ఫుల్ ఛార్జింగ్‌లో కూడా 60 దాటదు, ప్రమాదం తక్కువ. 120 వోల్టుల డీసీ తగిలితే ప్రాణం పోవచ్చు. ఇంట్లో పిల్లలు తిరిగే చోట అలాంటిది పెట్టాలంటే తాళం వేసే గది, అనుభవం ఉన్న చెయ్యి రెండూ ఉండాలి.

ఇన్వర్టర్ కొన్నాక వోల్టేజి మీ చేతిలో ఉండదు. 24 వోల్టుల ఇన్వర్టర్‌కు 48 ఇచ్చినా, 12 ఇచ్చినా పని జరగదు. 48 ఇస్తే బోర్డే పోతుంది. అందుకే ‘ఇప్పుడు రెండు బ్యాటరీలతో మొదలుపెట్టి తర్వాత నాలుగు చేద్దాం’ అనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. 24 వోల్టుల ఇన్వర్టర్ కొంటే ఆ తర్వాతి రెండూ తప్పనిసరిగా ప్యారలల్‌కే వెళ్తాయి. ఏడాది తిరగకుండా మరో రెండు వేయాల్సి వస్తుందని తెలిసినవాళ్లు మొదటే 48 వోల్టుల ఇన్వర్టర్, నాలుగు చిన్న బ్యాటరీలు తీసుకోవడం మేలు.

మీ ఇంటికి ఎన్ని యూనిట్లు కావాలి

మామూలు రెండు పడక గదుల ఇల్లు: 75 వాట్ల ఫ్యాన్లు మూడు, 9 వాట్ల ఎల్ఈడీలు ఆరు, టీవీ 60, రౌటర్ 12. మొత్తం 350 వాట్లు. ఆరు గంటలు నడిస్తే 2.1 యూనిట్లు. ఫ్యాన్లు మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే అదే ఇల్లు 215 వాట్లకు దిగుతుంది. బ్యాటరీ పెంచే ముందు ఫ్యాన్లు మార్చడమే చవక.

ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. రెండు 150 ఏహెచ్‌లు కాగితం మీద 3.6 యూనిట్లు, వాడదగ్గవి 1.8, ఇన్వర్టర్ నష్టం పోగా చేతికి వచ్చేవి ఒకటిన్నర. 350 వాట్ల ఇంటికి నాలుగున్నర గంటల లోపే. నాలుగు బ్యాటరీలైతే మూడు యూనిట్లు, ఎనిమిదిన్నర గంటలు.

బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని ఉన్నా పక్కన సీ10 ఉందా, సీ20 ఉందా చూడాలి. సీ20 అంటే 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు లాగితే వచ్చే లెక్క. సీ10 అంటే 15 ఆంపియర్ల చొప్పున 10 గంటలు. సీ20 లెక్కలో 150 ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీని సీ10 లెక్కలో కొలిస్తే 120, 130 మధ్యకు దిగుతుంది. సోలార్‌కు రోజూ దించి ఎక్కించాలి కాబట్టి సీ10 రాసి ఉన్నదే తీసుకోండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పీఎం సూర్యఘర్ పథకంలో పెట్టే మామూలు గ్రిడ్ సిస్టమ్‌కు (వీధి కరెంటు లైనుకు కలిపేదానికి) బ్యాటరీ అక్కర్లేదు. 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా పైకప్పు ప్యానెళ్ల సిస్టమ్‌కే, బ్యాటరీలకు కాదు. కానీ వీధిలో కరెంటు పోతే ఆ సిస్టమ్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పని చేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా కట్టారు. కరెంటు పోయినప్పుడు కూడా వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లు, గ్రిడ్, బ్యాటరీ మూడింటితోనూ పని చేసేది), బ్యాటరీలు కావాలి. మీ ఊళ్లో కోతలు నెలకు రెండు మూడు సార్లే అయితే, బిల్లు తగ్గడమే మీకు ముఖ్యమైతే, బ్యాటరీల మీద డబ్బు పెట్టవద్దు.

సిరీస్ ఒకే వరుసలో సరిపోతే ప్యారలల్ వద్దు

సిరీస్‌లో ప్రతి బ్యాటరీ నుంచీ ఒకే ఆంపియర్లు పోతాయి. తప్పించుకునే దారి లేదు. ప్యారలల్‌లో అలా కాదు, తేలికైన దారి దొరికిన బ్యాటరీ ఎక్కువ పని చేస్తుంది. నాలుగు బ్యాటరీలను ప్యారలల్ చేసి, ఇన్వర్టర్‌కు వెళ్లే ప్లస్, మైనస్ రెండూ ఒకే చివరి బ్యాటరీ నుంచి తీయడం ఎక్కువగా కనిపించే తప్పు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. జరిగేది మాత్రం వేరు.

ఒక్కో బ్యాటరీ లోపలి నిరోధం 5 మిల్లీ ఓమ్‌లు, ఒక్కో జంపర్ తీగ (బ్యాటరీకీ బ్యాటరీకీ మధ్య తీగ) లగ్గులతో (తీగ చివర బిగించే లోహపు కొనలతో) కలిపి అర మిల్లీ ఓమ్ అనుకుని లెక్క కడదాం. మొత్తం 100 ఆంపియర్లు లాగితే ఇన్వర్టర్‌కు దగ్గరున్న మొదటి బ్యాటరీ 39 ఆంపియర్లు ఇస్తుంది. రెండోది 26, మూడోది 19, చివరిది 16. మొదటిది రోజూ చివరిదానికి రెండింతలకు పైగా దిగిపోతుంది, ఛార్జింగ్‌లో కూడా దానికే ఎక్కువ పడుతుంది. రెండేళ్లకు అది పోతుంది. దాని స్థానంలో కొత్తది పెడితే కొత్తదానికీ అదే గతి.

ఇప్పుడు ప్లస్‌ను మొదటి బ్యాటరీ నుంచి అలాగే ఉంచి, మైనస్‌ను మాత్రం నాలుగో బ్యాటరీ నుంచి తీయండి. మార్చింది ఒక్క తీగే. లెక్క 27, 23, 23, 27 అవుతుంది. ఐమూలగా తీయడం అంటే ఇదే. రెండు బ్యాటరీలకు ఇలా తీస్తే పూర్తిగా సమం. నాలుగుకు ఇంకా మంచి పద్ధతి బస్‌బార్: ప్రతి బ్యాటరీ నుంచీ ఒకే పొడవు, ఒకే మందం ఉన్న తీగలు రెండు రాగి పట్టీల మీదికి తెచ్చి, అక్కడి నుంచి ఇన్వర్టర్‌కు పోవడం. దగ్గరున్న బ్యాటరీకి తీగ పొడుగైందని కత్తిరించకండి. చుట్టి పెట్టినా పర్వాలేదు, పొడవు మాత్రం సమంగా ఉండాలి.

ప్యారలల్‌లో ఇంకో ప్రమాదం ఉంది. ఒక బ్యాటరీలో ఒక సెల్ షార్ట్ అయితే మిగతా మూడూ దానిలోకి కరెంటు దింపుతాయి. అందుకే ప్రతి ప్యారలల్ వరుసకు విడి ఫ్యూజు ఉండాలి. మూడు వరుసలకు మించి లెడ్ యాసిడ్ బ్యాటరీలను ప్యారలల్ చేయవద్దు. ఎక్కువ ఏహెచ్ కావాలంటే పెద్ద బ్యాటరీ తీసుకోండి. 100 ఏహెచ్‌లు రెండు ప్యారలల్ చేసే బదులు 200 ఏహెచ్ ఒక్కటి మేలు.

సిరీస్‌కూ తన కష్టాలున్నాయి. నాలుగింటిలో ఒకటి బలహీనపడితే ఛార్జర్‌కు కనిపించేది మొత్తం వోల్టేజి మాత్రమే. 57.6 వోల్టులు ఒక్కోదానికి 14.4 చొప్పున పంచుకోవాలి. బలహీనమైనది 13.5 దగ్గర ఆగితే మిగతా మూడింటి మీద 14.7 పడుతుంది. అవి నీళ్లు తాగేస్తాయి, ఇదేమో ఎప్పటికీ నిండదు. అందుకే సిరీస్‌లో వేసే బ్యాటరీలన్నీ ఒకే కంపెనీ, ఒకే ఏహెచ్, ఒకే నెలలో తయారైనవి ఉండాలి. పాతదానికి కొత్తది జత చేయవద్దు. నాలుగు బ్యాటరీల వరుసకు బ్యాటరీ ఈక్వలైజర్ (బ్యాటరీల వోల్టేజిని సమం చేసే పరికరం) పెడితే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది. బ్యాంకు ఖర్చుతో పోలిస్తే అది చిన్నదే, 48 వోల్టుల ట్యూబులర్ బ్యాంకుకు తప్పనిసరి అనే చెబుతాం.

సిరీస్ బ్యాంకును పాడుచేసే ఇంకో అలవాటు: 24 లేదా 48 వోల్టుల బ్యాంకులో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసి రౌటర్‌కో, సీసీ కెమెరాకో, డీసీ లైట్లకో ఇవ్వడం. ఆ ఒక్క బ్యాటరీ రోజూ కాస్త ఎక్కువ దిగుతుంది, మొత్తం వరుస దానివల్ల పాడవుతుంది. 12 వోల్టులు కావాలంటే బ్యాంకు రెండు చివర్ల నుంచీ తీసుకుని మధ్యలో డీసీ కన్వర్టర్ పెట్టండి.

ట్యూబులరా, లిథియమా

ఇంటి సోలార్‌కు లిథియం అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే అర్థం. సెల్ 3.2 వోల్టులు. పదహారు సెల్స్ సిరీస్‌లో ఉంటే 51.2 వోల్టులు. 100 ఏహెచ్ ప్యాక్‌లో 5.12 యూనిట్లు ఉంటాయి. 80 నుంచి 90 శాతం దాకా వాడుకోవచ్చు కాబట్టి చేతికి నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. నాలుగు 150 ఏహెచ్ ట్యూబులర్లు ఇచ్చేవి మూడే. ధర పోల్చేటప్పుడు బ్యాటరీ ధరను ఏహెచ్‌తో కాదు, చేతికొచ్చే యూనిట్లతో భాగించండి, తర్వాత ఎన్ని సైకిళ్లు (ఒకసారి దించి ఎక్కిస్తే ఒక సైకిల్) నిలుస్తుందో దానితో కూడా భాగించండి. అప్పుడు లిథియం అంత ఖరీదుగా కనిపించదు.

మా దృష్టిలో అసలు తేడా వానాకాలంలో బయటపడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి చివరి 20 శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది. వారం రోజులు ముసురు పట్టి రోజూ సగం ఛార్జింగ్‌తోనే ఆగిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. గ్రిడ్ కరెంటుతో అప్పుడప్పుడు పూర్తిగా ఎక్కించే వీలుండాలి. లిథియం సగంలో ఉండిపోయినా దానికేమీ కాదు.

వేసవి సంగతి వేరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో మేడ మీద రేకుల గదిలో ఏ బ్యాటరీ పెట్టినా డబ్బు తగలేసినట్టే. లిథియం ప్యాక్ కూడా లోపల బాగా వేడెక్కితే బీఎంఎస్ (ప్యాక్‌ను కాపాడే లోపలి సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుంది. కింది అంతస్తులో, ఎండ పడని, గాలి ఆడే చోటే రెండింటికీ తగినది. ట్యూబులర్‌ను మూసిన అల్మారాలో పెట్టకూడదు. ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. ఇన్వర్టర్‌ను సరిగ్గా బ్యాటరీల పైన బిగించకండి, ఆమ్లపు ఆవిరికి బోర్డు తుప్పు పడుతుంది.

లిథియంలో 12.8 వోల్టుల ప్యాకులు నాలుగు తెచ్చి 48 చేయాలనుకోవద్దు. ఒక్కో ప్యాక్‌లో విడి బీఎంఎస్ ఉంటుంది. ఒకటి తెగితే మొత్తం వోల్టేజి ఆ చిన్న బీఎంఎస్ స్విచ్చుల మీద పడి అవి కాలిపోవచ్చు. 51.2 వోల్టుల ప్యాక్ ఒక్కటి తీసుకోండి. పెంచుకోవాలంటే అలాంటివే ప్యారలల్ చేయండి. ఇక్కడ ప్యారలల్‌కు అభ్యంతరం లేదు, ప్రతి ప్యాక్‌కూ సొంత కాపలా ఉంటుంది. అయితే కలిపే ముందు రెండింటినీ పూర్తిగా ఛార్జ్ చేసి వోల్టేజి సమం చేయాలి. తేడాతో కలిపితే ఒకదాని నుంచి ఇంకోదానికి వందల ఆంపియర్లు దూకుతాయి. లెడ్ యాసిడ్‌నూ లిథియంనూ ఎప్పుడూ ప్యారలల్ చేయకూడదు.

పాత ఇన్వర్టర్‌కు లిథియం పెట్టేముందు సెట్టింగులు చూడాలి. పదహారు సెల్స్ ప్యాక్‌కు ఛార్జింగ్ వోల్టేజి 56 నుంచి 57.6 మధ్య ఉండాలి, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్ కోసం అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజితో చేసే ఛార్జింగ్) పూర్తిగా ఆపాలి. ఆపలేని ఇన్వర్టర్‌కు ట్యూబులర్లే సరి.

కేబుల్, ఫ్యూజు

పైన చెప్పిన 2,000 వాట్లకే: 48 వోల్టులకు 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, 63 ఆంపియర్ల ఫ్యూజు. 24కు 35 చదరపు మిల్లీమీటర్లు, 125 ఆంపియర్లు. 12కు 95 చదరపు మిల్లీమీటర్లు, 250 ఆంపియర్లు. ఈ మూడో కేబుల్‌ను చేత్తో వంచడమే కష్టం, 2,000 వాట్లకు 12 వోల్టులు వద్దనడానికి అదే చాలు. కేబుల్ మెత్తటి సన్న పోగుల రాగిది కావాలి. చవకగా దొరికే కొన్నింటిలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉంటుంది. చివర గీకితే తెల్లగా కనబడుతుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలో ఉండాలి. అది కాపాడేది ఇన్వర్టర్‌ను కాదు, కేబుల్‌ను. గోడ మీద ఇన్వర్టర్ పక్కన పెడితే మధ్యలో కేబుల్ నలిగి షార్ట్ అయినప్పుడు పనికిరాదు. ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీని ఇక్కడ వాడకండి. ఏసీలో కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఎంసీబీ తెరుచుకునేటప్పుడు లోపల పుట్టే మెరుపు ఆరిపోతుంది. డీసీలో అది ఆరదు, ఎంసీబీ లోపలే మండుతుంది. డీసీ ఎంసీబీ అయినా ప్లస్, మైనస్ గుర్తులుంటే వాటి ప్రకారమే బిగించాలి. లిథియం ప్యాక్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, దానికి డీసీ రేటింగు రాసి ఉన్న హెచ్ఆర్‌సీ ఫ్యూజు (అంత పెద్ద కరెంటును కూడా తెంచగలది) కావాలి.

బిగించే వరుస

ఉంగరం, గడియారం, కడియం తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. బ్యాటరీలను విడివిడిగా పూర్తిగా ఛార్జ్ చేసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున వోల్టేజి చూడండి. ట్యూబులర్‌లో ఆమ్లం సాంద్రత నిండుగా ఉన్నప్పుడు 1.240 దగ్గర ఉంటుంది. దానికి 0.84 కలిపితే సెల్ వోల్టేజి, ఆరుతో గుణిస్తే 12.48. కాబట్టి 12.7 రాలేదని కంగారు పడనక్కర్లేదు. నాలుగింటి మధ్య తేడా 0.1 వోల్టు మించితే తక్కువున్నదాన్ని వెనక్కి ఇవ్వండి.

మొదటిదాని మైనస్ నుంచి రెండోదాని ప్లస్‌కు జంపర్. ప్రతి జంపర్ తర్వాతా మీటర్ పెట్టి చూడండి: 25, 37.5, 50. మూడోది పెట్టాక 37.5కు బదులు 12.5 కనిపిస్తే అది తిరగబడింది. ఇన్వర్టర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే దాని లోపలి మాస్‌ఫెట్లు (ఎలక్ట్రానిక్ స్విచ్చులు) క్షణంలో పోతాయి, వారంటీ కూడా ఉండదు.

లగ్గు నేరుగా బ్యాటరీ టెర్మినల్ సీసం మీద కూర్చోవాలి, వాషర్ లగ్గు పైన, ఆ పైన నట్టు. వాషర్‌ను లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య పెడితే కరెంటంతా ఆ ఇనుప చుట్ట గుండా పోతుంది, నెలలో టెర్మినల్ కరిగి గుంట పడుతుంది. లగ్గును సుత్తితో కొట్టి కాదు, హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కించాలి. బిగించాకే పైన వాజలీన్ రాయండి, ముందు కాదు.

ఆఖరి తీగ పెట్టేటప్పుడు 48 వోల్టులకు పెద్ద మెరుపు వస్తుంది, ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతాయి. దానికి ముందు ఒక 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును కేబుల్ చివరకూ టెర్మినల్‌కూ మధ్య ఐదు సెకన్లు తాకించి, వెంటనే కేబుల్ బిగించండి. లిథియం బీఎంఎస్ మొదటి క్షణంలోనే ట్రిప్ అయ్యే బాధ కూడా దీనితో తీరుతుంది.

మొదటి వారం చివర ఫుల్ లోడు మీద అరగంట నడిపి ప్రతి లగ్గునూ తీగ తొడుగు మీదుగా తాకి చూడండి. అన్నీ ఒకేలా ఉండాలి. ఒకటి మాత్రమే వేడిగా ఉంటే తప్పు ఆ జాయింటుదే. లోడు ఆపి, విప్పి, శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. ప్యారలల్ వరుసలైతే డీసీ క్లాంప్ మీటర్‌తో ఒక్కో వరుస ఆంపియర్లు కొలవండి. పదో వంతుకు మించి తేడా ఉంటే తీగల పొడవులు, జాయింట్లు మళ్లీ చూడాలి. తర్వాత నెలకోసారి ఛార్జింగ్ చివర్లో ఒక్కో బ్యాటరీ వోల్టేజి రాసి పెట్టుకోండి. ట్యూబులర్లలో నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు వద్దు. వాటిలోని లవణాలు, లోహాలు ప్లేట్లలో చేరి ఛార్జింగ్ నిలవనివ్వవు.